అర్జీలో పట్టనివి

కలెక్టరాఫీసు ఎదురుగా, జిరాక్సు అంగడి పంచన
నాదొక రేకు కుర్చీ, ఒక అట్ట, రెండు పెన్నులు.
అర్జీకి నలభై రూపాయలు.
సోమవారం పొద్దున్నే ఆరుగురొచ్చినారు
వెదురు గంపొకటి మోసుకోని.
గంపలో ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు
గురగుర, గురగుర.

'రాయి సామీ' అన్నాడు మొగిలప్ప.
'ఆర్యా' అని రాసినాను.

నీవా ఏటి గట్టున, మూతబడిన చక్కెర మిల్లు వెనక
పదకొండు పావురాల గూళ్ళు.
మునిసిపాలిటీ వాళ్ళే గొలుసు పట్టి కొలిచిచ్చిన జాగా.
ఏడాదికి పన్నెండు రూపాయల బాడుగ.
నలభై మూడేండ్ల రసీదులు
హార్లిక్సు సీసాలో చుట్టి తెచ్చింది కన్నెమ్మ.
కడపటి రసీదు మీద రెట్ట మరక.
గోటితో గీకబోతే నా చెయ్యి తోసేసింది:
'ఉండనీ. అదీ సాచ్చికమే.'

ఆమె కమ్మలమ్మి ఆమె మొగుడు తెచ్చిన జత పావురాలు
ఆయన పోయినంక కూడా పిల్లలు పెడతా ఉండాయంట.
తిట్టుకుంటానే సజ్జలు చల్లుతుందంట.
ఇది రాయమన్లేదు.

ఆ జాగాలో ఇప్పుడు కల్యాణమండపం లేస్తుంది,
కిందంతా కార్లు నిలిపేదానికి.
గూళ్ళ తలుపుల మీద పసుపు రంగుతో అంకెలేసి పోయినారు.
ఏడో నంబరు ఆరకముందే
ఒక తెల్లది దాన్ని రాసుకోని ఎగిరింది.
అప్పట్నుంచి చిత్తూరు మీద
పసుపు రెక్కొకటి తిరుగుతానే ఉంది.

'ప్రత్యామ్నాయ స్థలం' అని రాయబోయినాను.
మురకంబట్టు అవతల గుట్ట కింద
రెండింతల జాగా ఇస్తామన్నారు గదా.
దస్తగిరి నా మణికట్టు పట్టుకున్నాడు.
'మనిషికైతే రాయన్నా అట్ల.
వీటిని ఒంగోల్లో ఇడిస్తే యాడికొస్తాయనుకున్న్యావు?
గూటికి కాదు. చోటికి.
గూడు పీకి గుట్ట కింద పెట్టినా
పొద్దు గూకేతలికి వచ్చి ఆ గాల్లోనే తిరుగుతాయి,
వాలేదానికి రేకు లేక
కాళ్ళు సాచి
ముడుచుకోని
మళ్ళా సాచి.'

దీన్ని ఏ పేరా కింద రాయాలి?

ఏకాంబరం అంతసేపూ గమ్మునున్నాడు.
మిల్లులో చెరుకు తూకం వేసినోడు.
అడిగితే ఒకటే చెప్పినాడు:
మిల్లు మూసిన ఏడు, పందేనికి పోయిన నీలిచారలది
రావాల్సిన పూట రాలేదు.
తొమ్మిదో దినం నడిచొచ్చింది.
రెక్క ఈడ్చుకుంటా, ఆటోల చక్రాల సందున, నడిచి.
'తలుపు తీసి పెట్టింటి కాబట్టి సరిపాయ.'

నేను వాళ్ళకు చెప్పనిది ఒకటుంది.
పోయిన నెల మిద్దెలోళ్ళ అర్జీ రాసిందీ నేనే.
నీళ్ళ తొట్టిలో ఈకలు, పసిబిడ్డకు దగ్గు,
ఆరేసిన పట్టు చీర మీద రెట్టలు.
అవీ అబద్ధాలు కావు.
దానికీ నలభై.

గేటు కాడ పోలీసాయన గంప లోపలికి పోనీలేదు.
అక్కడే మూత తీసినారు.
ఆరు పావురాలు జెండా కర్ర చుట్టూ ఒక చుట్టు,
సెల్ టవరు పైన ఒక చుట్టు,
ఆనక ఏటి దిక్కు ఒకటే గీత.
మొగిలప్ప కొడుకు గూటి కాడ్నించి ఫోన్ చేసినాడు:
'వచ్చేసినాయి నాయనా, నాలుగు నిమిషాలు.'
వీళ్ళు మాత్రం ఒంటిగంట దాకా వరసలోనే.
'అందినది' అని ముద్ర పడింది, వంకరగా.
'చూద్దాం' అన్నారంట.

ఈ సోమవారం మొదట మిద్దెల సంఘం మనిషొచ్చినాడు.
గూళ్ళు ఇంకా తీయలేదేమని.
'ఆర్యా' అని రాసి, కామా పెట్టి,
తలెత్తినాను ఒకసారి.
రంగు కొంచెం కూడా వెలవలేదు.